ముడతల గోబిగడ్డ: పెరటిలో పెంపకం, వంటింట్లో జాగ్రత్తలు



కొంతకాలం క్రితం ఒక తల్లి పదవ తరగతి చదువుతున్న తన కొడుకును మా దగ్గరకు తీసుకువచ్చింది. అబ్బాయికి రెండుసార్లు మూర్ఛ వచ్చింది. స్కానింగ్ తీయిస్తే మెదడులో పురుగు గుడ్డు వల్ల ఏర్పడిన చిన్న తిత్తి కనిపించింది. "గోబిగడ్డ తిన్నందుకే పురుగు మెదడుకు పోయింది" అని ఇరుగుపొరుగువారు చెప్పారట. బాయి పని నుండి వచ్చిన తండ్రి ఆ సాయంత్రమే క్వార్టరు వెనుక పెరట్లో ఉన్న గోబి మొక్కలన్నీ పీకి పారేశాడు. "సిస్టరమ్మా, గోబిగడ్డను ఇంట్లకే రానిస్తలేం. ఇంకేం చెయ్యాలె?" అని ఆ తల్లి అడిగింది.

మేము ఆమెను నెమ్మదిగా వివరాలు అడిగాము. పెరటికి నీళ్ళు ఎక్కడివి అంటే మోరీ నీళ్ళు అన్నది. కొత్తిమీర, ముల్లంగి, ఉల్లాకు అదే మడిలో పెరుగుతున్నాయి. వాటిని ఒక్కసారి నీళ్ళలో ముంచి తీసి పచ్చివే తింటున్నారు. అంటే గోబిగడ్డను వెళ్ళగొట్టారు గానీ అసలు ప్రమాదం ఇంట్లోనే ఉండిపోయింది.

ఈ భయం మన ప్రాంతంలో చాలా ఇళ్ళలో ఉంది. అందుకే ఈసారి గోబిగడ్డ గురించి, అందులోనూ ముడతల ఆకుల గోబిగడ్డ గురించి వ్రాస్తున్నాము. పెరటిలో ఎలా పెంచాలి, ఎలా కడగాలి, ఎలా వండాలి, ఎవరు జాగ్రత్తపడాలి అనే విషయాలు చూద్దాము.

ముడతల గోబిగడ్డ అంటే ఏమిటి?

కొందరు క్యాబేజీ అంటారు, కోస్తా వైపు కోసుకూర అని కూడా అంటారు, మనం గోబిగడ్డ అంటాము. అంగడిలో దొరికేది నున్నని ఆకులతో, రాయిలా గట్టిగా ఉంటుంది. ఇందులోనే సావోయ్ అనే రకం ఒకటి ఉంది. దీని ఆకులు ముదురు ఆకుపచ్చగా, ముడతలు ముడతలుగా, వలలాగా ఉబ్బెత్తుగా ఉంటాయి. గడ్డ కొంచెం వదులుగా ఉంటుంది. ఆకు మెత్తన, రుచి కమ్మన, ఘాటు వాసన తక్కువ. ఫ్రాన్సు, ఇటలీ దేశాల మధ్య ఆల్ప్స్ కొండల్లో ఉన్న సావోయ్ అనే ప్రాంతం పేరే దీనికి వచ్చింది. చలి కొండల మొక్క కాబట్టి దీనికి చల్లదనం ఇష్టం.

గోబిగడ్డ మన దేశంలో పుట్టిన కూర కాదు, యూరోపు వారి ద్వారా మనకు వచ్చింది. మిషనరీ విలియం కేరీ గారిని మన సంఘాల వారు బైబిలు అనువాదాల ద్వారా ఎరుగుదురు. 1818లో సీరాంపూరులో అచ్చయిన తెలుగు క్రొత్త నిబంధన వారి కృషే. ఆయనకు మొక్కలన్నా ఎంతో ప్రీతి. 1820లో కలకత్తాలో వ్యవసాయ, ఉద్యానవన సంఘాన్ని స్థాపించినది కూడా ఆయనే. వాక్యము, వైద్యము, తోట కలిసి నడవడం మన మిషన్లకు కొత్త కాదు.

ఇందులో ఉన్న బలము

100 గ్రాముల ముడతల గోబిగడ్డలో ఇంచుమించు 27 కాలరీలు, 3 గ్రాముల పీచు, 30 మిల్లీగ్రాముల విటమిన్ సి ఉంటాయి. పెద్దవారికి రోజుకు కావలసిన విటమిన్ సి స్త్రీలకు 65, పురుషులకు 80 మిల్లీగ్రాములు. వండినప్పుడు కొంత పోయినా మిగిలినది తక్కువేమీ కాదు. విటమిన్ సి చిగుళ్ళను కాపాడుతుంది, పుండ్లు మానడానికి తోడ్పడుతుంది, పప్పులోని, ఆకుకూరలోని ఇనుమును శరీరం పట్టుకునేలా చేస్తుంది. రక్తహీనత ఉన్న మన స్త్రీలకు ఇది ముఖ్యము. గర్భిణీ స్త్రీలకు అవసరమైన ఫోలిక్ ఆమ్లము కూడా ఇందులో ఉంది. అయితే డాక్టరు ఇచ్చిన ఐరన్, ఫోలిక్ మాత్రలకు బదులుగా దీన్ని అనుకోకూడదు.

ముడతల రకంలో ఆకులు ముదురు ఆకుపచ్చగా ఉంటాయి కనుక, కంటికి మేలు చేసే విటమిన్ ఎ పదార్థము తెల్లని గోబిగడ్డలో కంటే ఎక్కువ. పిండి పదార్థము తక్కువ, పీచు ఎక్కువ కాబట్టి షుగరు ఉన్నవారు నిస్సంకోచంగా తినవచ్చు.

మన ఎండల్లో పండుతుందా?

ఎండాకాలం 45 డిగ్రీలు దాటే రామగుండంలో చలి కొండల మొక్క పండుతుందా అని మీరు అడగవచ్చు. పండుతుంది, కానీ కాలం చూసి వేయాలి. గడ్డ చక్కగా కట్టడానికి 15 నుండి 20 డిగ్రీల చల్లదనం అనుకూలం. మనకు అలాంటి రాత్రులు నవంబరు నుండి జనవరి వరకే ఉంటాయి.

మొదటిసారి మేము నర్సుల క్వార్టర్ల వెనుక డిసెంబరులో నారు పోసి పొరపాటు చేశాము. ఆకులు బాగానే పెరిగాయి గాని ఫిబ్రవరి ఎండ తగలగానే గడ్డ కట్టకుండా విచ్చుకుపోయాయి. మరుసటి ఏడు సెప్టెంబరు నడుమ నారు పోశాము. అప్పుడు గడ్డలు వచ్చాయి. కనుక ఈ లెక్క గుర్తుంచుకోండి:

సెప్టెంబరు నడుమ నారు పోయాలి. 25 నుండి 30 రోజులకు, నాలుగైదు ఆకులు వచ్చాక, అక్టోబరు నడుమ మడిలో నాటాలి. మామూలు గోల్డెన్ ఏకర్ రకం నాటిన 60, 65 రోజులకు కోతకు వస్తుంది, అంటే క్రిస్మస్ విందుకు అందుతుంది. ముడతల రకానికి 80 నుండి 90 రోజులు పడుతుంది, కనుక సంక్రాంతి నాటికి వస్తుంది.

ముడతల రకంలో చీఫ్‌టైన్ అనేది పేరున్న విత్తనం. ఇది ప్రతి విత్తనాల దుకాణంలో ఉండదు, ముందుగా చెప్పి తెప్పించుకోవాలి. మొదటిసారి వేసేవారు సగం మడి గోల్డెన్ ఏకర్, సగం మడి ముడతల రకం వేయండి. ఒకవేళ చలి తక్కువైనా వంటింటికి కొంత కూర దక్కుతుంది.

మడి తయారీ

రోజుకు ఐదారు గంటలు ఎండ తగిలే చోటు చూడండి. చదరపు మీటరుకు రెండు కిలోల చొప్పున బాగా మాగిన పశువుల ఎరువు కలపండి. పచ్చి పేడ వేయకూడదు. మొక్కకు మొక్కకు అడుగున్నర దూరం ఉండాలి. సాయంత్రం పూట నాటి వెంటనే నీళ్ళు పోయాలి. చెల్క నేల అయితే రెండు మూడు రోజులకొకసారి, రేగడి అయితే ఐదారు రోజులకొకసారి తడి ఇవ్వండి. చాలా రోజులు ఎండబెట్టి ఒక్కసారిగా నీళ్ళు పెడితే గడ్డ పగులుతుంది. నాటిన నెలకు మొదళ్ళకు మట్టి ఎగదోయాలి. యూరియా మన ఊరి కర్మాగారంలోనే 2021 నుండి మళ్ళీ తయారవుతున్నది గదా అని గుప్పెళ్ళతో వేయకండి. ఎక్కువైతే ఆకు మెత్తబడి పురుగును పిలుస్తుంది. మొక్కకు ఒక చిటికెడు చాలు, అదీ మొదలుకు దూరంగా వేసి నీళ్ళు పెట్టాలి.

నీళ్ళ విషయంలో మా మాట గట్టిగా వినండి. బియ్యం, పప్పు, కూరగాయలు కడిగిన నీళ్ళు పోయవచ్చు. మోరీ నీళ్ళు, మరుగుదొడ్డి వైపు నుండి వచ్చే నీళ్ళు, సెప్టిక్ ట్యాంకు నుండి తీసిన మడ్డి కూరగాయల మడిలోకి ఎట్టి పరిస్థితిలోనూ రాకూడదు. పందులు తిరిగే చోట మడికి కంచె వేయండి. ఎందుకో క్రింద చెబుతాము.

పచ్చ పురుగు, పేనుబంక

ఆకులకు చిన్న చిన్న కిటికీల వంటి రంధ్రాలు చేసే పచ్చ పురుగు గోబిగడ్డకు ముఖ్య శత్రువు. మడి అంచున ఒక వరుస ఆవాలు చల్లండి. రెక్కల పురుగు ఆవ మొక్కల మీదికి ఎక్కువగా పోయి గుడ్లు పెడుతుంది. అక్కడే ఏరి చంపవచ్చు. చిన్న పెరడు కాబట్టి ఉదయం పూట ఆకులు తిప్పి చూసి చేత్తో తీసివేయడమే అన్నిటికంటే మంచి మందు. ఇంకా ఉంటే 100 గ్రాముల వేప గింజల పొడిని రెండు లీటర్ల నీళ్ళలో రాత్రంతా నానబెట్టి, వడగట్టి, కొంచెం సబ్బు కలిపి సాయంత్రం పూట చల్లండి. పేనుబంకకు కూడా ఇది పనిచేస్తుంది.

పత్తి చేనుకు కొట్టగా మిగిలిన మందును పెరటి కూరకు కొట్టేవారు ఉన్నారు. దయచేసి ఆ పని చేయకండి. మోనోక్రోటోఫాస్ అనే మందును కూరగాయల మీద వాడరాదని మన ప్రభుత్వం 2005లోనే నిషేధించింది. అటువంటి సీసా ఇంట్లో ఉండటమే ప్రమాదం. నీళ్ళనుకొని త్రాగిన పిల్లలనూ, క్షణికావేశంలో త్రాగిన పెద్దలనూ క్యాజువాలిటీలో చూసే మేము ఈ మాట చెబుతున్నాము. సీసా ఇంటికి తేవద్దు.

మెదడుకు పోయే పురుగు ఏది?

ఇప్పుడు అసలు భయానికి వద్దాము. గోబిగడ్డ ఆకుల మధ్య కనిపించే పచ్చ పురుగు మెదడుకు పోదు. అది పొరపాటున కూరలో ఉడికి కడుపులోకి పోయినా అరిగిపోతుంది.

మెదడులో తిత్తి కట్టేది వేరు. అది పంది మాంసం ద్వారా మనుషులకు వచ్చే బద్దె పురుగు గుడ్డు. సరిగా ఉడకని పంది మాంసం తిన్న మనిషి పేగులో ఈ బద్దె పురుగు పెరుగుతుంది. ఆ మనిషి మలంలో వేలకొద్ది గుడ్లు బయటికి వస్తాయి. ఆరుబయట మల విసర్జన చేసినా, ఆ మలం మోరీలో కలిసినా గుడ్లు మట్టికి, నీళ్ళకు, కూరగాయలకు అంటుకుంటాయి. ఆ గుడ్లు మన నోట్లోకి పోతే పేగులో పొదిగి, రక్తం ద్వారా కండరాలకు, కంటికి, మెదడుకు చేరి తిత్తులుగా మారతాయి. మెదడులోని తిత్తి నెలలకో, సంవత్సరాలకో మూర్ఛగా బయటపడుతుంది. పంది మాంసం ముట్టనివారికి, పూర్తి శాకాహారులకు కూడా ఈ జబ్బు రావడానికి కారణం ఇదే. ఈ పురుగు ఎక్కువగా ఉన్న ప్రాంతాల్లో మూర్ఛ రోగుల్లో ఇంచుమించు 30 శాతం మందికి ఇదే కారణమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది.

కాబట్టి తప్పు గోబిగడ్డది కాదు. మలం కలిసిన నీళ్ళది, కడగని చేతులది, కడగని పచ్చి కూరది. గోబిగడ్డ అయినా, కొత్తిమీర అయినా, ముల్లంగి అయినా ఒకటే. అయితే ముడతల గోబిగడ్డ ఆకుల్లో మట్టి దాగడానికి చోటు ఎక్కువ. నున్నని ఆకు మీది మట్టి ఒక్కసారి నీళ్ళు పోస్తే జారిపోతుంది, ముడతల్లోది జారదు. అందుకే దీన్ని కడగడం నేర్చుకోవాలి.

కడిగే పద్ధతి

1. ముందుగా మీ చేతులు సబ్బుతో కడుక్కోండి.
2. పైనున్న రెండు మూడు ఆకులు తీసివేయండి. మన ఊళ్ళో బొగ్గు దుమ్ము, బూడిద పడేది కూడా వాటి మీదే.
3. గడ్డను కోసి ఆ తర్వాత కడగకండి. ఒక్కొక్క ఆకూ విప్పి, ముడతల మధ్య వేలితో రుద్దుతూ, ధారగా పడే మంచినీళ్ళ క్రింద రెండు ప్రక్కలా కడగండి. కుళాయి రాని వేళ చెంబుతో ధారగా పోసుకోవచ్చు. తొట్టిలో ఊరికే ముంచి తీస్తే చాలదు.
4. పచ్చ పురుగు, పేనుబంక పోవడానికి ఉప్పు నీళ్ళలో పది నిమిషాలు ఉంచవచ్చు. కానీ ఉప్పు, పసుపు, వెనిగర్ బద్దె పురుగు గుడ్లను చంపుతాయని నమ్మకండి. ఆ గుడ్డును తొలగించేది ధారగా పడే నీరు, చంపేది మంట.
5. చాకు, పలక కడిగిన తర్వాతే కోయండి.

గోబిగడ్డను పచ్చిగా తినకపోవడమే మా సలహా. బండి మీద నూడుల్స్‌లో పైన చల్లే పచ్చి తరుగు పిల్లలకు పెట్టకండి.

వండే పద్ధతి

ఉడికీ ఉడకని కూర వద్దు, గంటసేపు ఉడికించి సత్తువంతా పోగొట్టడమూ వద్దు. నలుగురికి చాలే కూర ఇలా చేయవచ్చు. అరకిలో ముడతల గోబిగడ్డ కడిగి సన్నగా తరగండి. పిడికెడు శనగపప్పు గంటసేపు నానబెట్టండి. రెండు చెంచాల నూనెలో ఆవాలు, జీలకర్ర, ఎండు మిర్చి, కరివేపాకు, వెల్లుల్లి వేసి తాళింపు పెట్టి, పప్పు వేసి కొంచెం నీళ్ళతో మగ్గించండి. పప్పు మెత్తబడ్డాక గోబి, పసుపు, ఉప్పు వేసి మూత పెట్టి పది నిమిషాలు ఉడకనివ్వండి. నీళ్ళు వంపి పారబోయవద్దు, సత్తువ అందులోనే ఉంటుంది. చివర చెంచాడు నువ్వుల పొడి చల్లితే జొన్న రొట్టెలోకి చక్కగా ఉంటుంది. షిఫ్టుకు టిఫిను కట్టేవారు కూర పొడిగా వేయించి, చల్లారాక మూత పెట్టండి.

ఎవరు జాగ్రత్తపడాలి?

గుండె వాల్వు ఆపరేషన్ అయినవారు: వార్ఫరిన్, అసిట్రోమ్ వంటి రక్తం పలుచన చేసే మాత్రలు వాడేవారు ఈ కూరను మానవలసిన పని లేదు. కానీ పెరట్లో పది గడ్డలు ఒక్కసారి వచ్చాయని పది రోజులు వరుసగా తినకూడదు. ఇందులోని విటమిన్ కె ఆ మాత్ర పనిని తగ్గిస్తుంది. అప్పుడు వాల్వు మీద రక్తం గడ్డకట్టవచ్చు. వారం వారం ఇంచుమించు ఒకే కొలతలో తినండి. తిండి మారితే డాక్టరుకు చెప్పి ఐ.ఎన్.ఆర్. పరీక్ష చేయించుకోండి. యాస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వాడేవారికి ఈ ఇబ్బంది లేదు.

థైరాయిడ్ ఉన్నవారు: వండిన కూర మితంగా తినవచ్చు. అయోడిన్ ఉప్పు వాడండి. మాత్రను పరగడుపున వేసుకోవడం మరువకండి.

గ్యాసు ఎక్కువగా వచ్చేవారు: కొంచెం కొంచెంగా మొదలుపెట్టండి, జీలకర్ర, వాము వేసి వండుకోండి.

కిడ్నీ జబ్బు ఉన్నవారు: ఎంత తినాలో మీ డాక్టరును అడిగి తినండి.

బాలింతలకు ఒక మాట: పాలు గడ్డకట్టి రొమ్ములు బిగిసి సలిపినప్పుడు, శుభ్రంగా కడిగి చల్లబరచిన గోబి ఆకును చనుమొన వదిలి చుట్టూ ఇరవై నిమిషాలు ఉంచితే కొందరికి నొప్పి తగ్గుతుంది. ముడతల ఆకు మెత్తగా ఉండి బాగా అమరుతుంది. చర్మం పగిలి ఉంటే వద్దు. బిడ్డకు తరచుగా పాలివ్వడమే అసలు వైద్యం. జ్వరం వచ్చినా, రొమ్ము ఎర్రబడినా వెంటనే ఆసుపత్రికి రండి.

మూర్ఛ వస్తే

మూర్ఛ వచ్చినవారిని ఒక ప్రక్కకు తిప్పి పడుకోబెట్టండి. మెడ దగ్గర బట్ట వదులు చేయండి. చేతిలో తాళాలగుత్తి పెట్టకండి, ముక్కు దగ్గర చెప్పు, ఉల్లిగడ్డ పెట్టకండి, నోట్లో చెంచా గాని నీళ్ళు గాని పెట్టకండి. గడియారం చూడండి. ఐదు నిమిషాలు దాటినా, ఒకదాని వెంట ఒకటి వచ్చినా 108కి ఫోన్ చేయండి. తెలివి వచ్చేదాకా ప్రక్కనే ఉండండి.

మూర్ఛ దయ్యం కాదు, శాపం కాదు, అంటువ్యాధి కాదు. ప్రార్థన చేయండి, మేమూ మీతో చేస్తాము, కానీ మాత్ర ఆపకండి. సువార్త వ్రాసిన లూకా గారు వైద్యుడే గదా. సొంతంగా దుకాణంలో పురుగుల మాత్రలు కొని మింగకండి. మెదడులో తిత్తులు ఉన్నవారికి ఆ మందు డాక్టరు పర్యవేక్షణలోనే ఇవ్వాలి, లేకుంటే మెదడులో వాపు పెరగవచ్చు. బాయిలో దిగేవారు, బండి నడిపేవారు మూర్ఛ సంగతి దాచకుండా డాక్టరుకు చెప్పాలి. మీ ప్రాణమే కాదు, తోటివారి ప్రాణమూ అందులో ఉంది.

మేము మొదట చెప్పిన ఆ అబ్బాయి డాక్టరు చెప్పిన ప్రకారం మందులు వాడి పరీక్షలు వ్రాశాడు. వాళ్ళ పెరటికి మోరీ నీళ్ళు ఆగిపోయాయి. మరుసటి చలికాలం ఆ తండ్రి మా దగ్గరకు వచ్చి పది గోబి నారు మొక్కలు అడిగి తీసుకువెళ్ళాడు. మాకు అంతకంటే సంతోషం ఏముంటుంది?

సందేహాలు ఉంటే ఓ.పి. రోజుల్లో మా నర్సులను అడగండి. దేవుడు మీ పెరటిని, మీ పళ్ళెమును, మీ పిల్లలను దీవించును గాక.

నర్సింగ్ సూపరింటెండెంట్